టెలిఫోనక్క కారుకు దొరకని వైర్లు

శంషాబాద్‌లో బస్సు దిగి, బస్టాండు ముందు పూలమ్మే ఆమెను ఒక మూర కనకాంబరాలు ఇమ్మని అడిగాను. ఆమె ఖాళీ బుట్ట వంచి చూపించింది.

"పూలెక్కడియమ్మా. పొద్దుగాల్నే ఉన్నయన్ని మీ టెలిఫోనక్క కోసం తీస్కపోయిండ్రు."

నాకు వెంటనే అర్థం కాలేదు. టెలిఫోనక్క పూలు పెట్టుకునే మనిషి కాదు. ఎందుకని అడిగితే ఆమె నా మొహంలోకి చూసి, "అయ్యో, నీకెర్క లేదా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అలా తెలిసింది. చేతిలో సంచి ఉండగానే చర్చి వెనక సమాధుల దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. నేను వెళ్ళిన మా పుట్టింట్లో ఫోను ఉంది. ఇక్కడ పాస్టరయ్య ఇంట్లో ఫోను ఉంది. వానలకు లైన్లు చచ్చిపోయాయట. ముప్ఫై ఏళ్ళకు పైగా ఊళ్ళకూ ఊళ్ళకూ లైన్లు కలిపి, ఎవరెవరి చావు కబుర్లో, పెళ్ళి కబుర్లో చెవులకు చేర్చిన మనిషి చావు కబురు మాత్రం పక్కింటి దాన్నయిన నాకు అందలేదు. ఆ చికాకు ఈ రోజుకీ పోలేదు. బహుశా ఇది రాయడానికి కూడా ఆ చికాకే కారణం.

ఆమె అసలు పేరుతో పిలిచేవాళ్ళు చర్చిలో తప్ప ఎక్కడా లేరు. వాడ మొత్తానికీ ఆమె టెలిఫోనక్క. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చునే కాలంలో ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. నంబరు తిప్పితే నేరుగా మోగే ఫోన్లు వచ్చాక, తనకక్కడ పని లేదని ముందే రిటైరయింది. కానీ ఆపరేటరు అలవాట్లు మాత్రం రిటైరు కాలేదు. కూర అమ్మే అతణ్ణి గేటు దగ్గర ఆగమనాలన్నా "జర లైన్ల ఉండు" అనేది. ఎవరైనా గొంతు పెంచితే "నాకు ఇనొస్తది, మెల్లగ చెప్పు" అనేది. కుడిచెవిని మనవైపు తిప్పి, తల కాస్త వంచి వినేది. చెప్పినదాన్ని ఒకసారి తిరిగి మనకే చెప్పి, "గంతేనా?" అని అడిగేది. మాకు అదొక విసుగు. ఉప్పు అప్పడిగినా అంతే: "ఉప్పు, చిన్న గిన్నెడు, మళ్ళ రేపిస్తవు. గంతేనా?"

ఆమె భర్త గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నెమ్మదస్తుడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి, కారు. పాతబస్తీలో ఎవరిదో నవాబుల కాలం నాటి దేవిడీ ఖాళీ చేస్తున్నప్పుడు, కోళ్ళు గుడ్లు పెడుతున్న ఒక పాత ఇంగ్లీషు కారును లారీ మీద ఎక్కించి తెచ్చుకున్నాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, అందులో కూర్చుంటే రోడ్డు మీద పోయే గొర్రెల కళ్ళు మన కళ్ళకు సమానంగా వచ్చేవి. ముదురు ఆకుపచ్చ రంగు, ముందు రెండు ఉబ్బెత్తు దీపాలు. పిల్లలు దానికి కప్ప బండి అని పేరు పెట్టారు. పందేలకు తయారుచేసిన బండి అని ఆయన చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఆదివారాలు చర్చి అయ్యాక అక్కను పక్కన కూర్చోబెట్టుకుని బెంగుళూరు రోడ్డు మీద పోయి వచ్చేవాడు. తర్వాత తర్వాత ఆమెనే నడపమని తాను పక్కకు జరిగాడు.

ఆయన పోయాక ఏడాదంతా కారు షెడ్డులోనే ఉండిపోయింది.

ఏడాది నిండినప్పుడు జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. భోజనాలయ్యాక అక్క మరిది, అంటే ఆయన తమ్ముడు, అందరి ముందూ మాట ఎత్తాడు. ఆయన మంఖాల్‌లో వ్యవసాయం చేస్తాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే అన్న పోయాక ఆ ఇంటి భారమంతా తన నెత్తిన పడిందని నమ్మాడు.

"వదినా, నువ్వొక్కదానివే గీడ ఎందుకు? మంఖాల్ రా. ఇల్లు కిరాయికిద్దాం. ఆ షెడ్డు కూలగొట్టి రెండు రూములేస్తే ఫ్యాక్టరీ పిల్లగాండ్లు ఉంటరు. ఆ బండిని పాత ఇనుపసామాను వాడు తీస్కపోతడు."

అక్క కుడిచెవి అటు తిప్పి అంతా విన్నది. "ఇల్లు కిరాయికి, షెడ్డుల రూములు, బండి ఇనుపసామానుకు, నేను మంఖాల్‌కు. గంతేనా?" అంది.

"గంతే."

"బండి మంచిగనే ఉన్నది."

"ఏంది మంచిగున్నది? కదుల్తదా?"

"కదుల్తది. కోతల పండుగకు నేనే నడుపుకుంట మంఖాల్ వస్త. వస్తే ఇగ ఈ ముచ్చట మళ్ళ ఎత్తొద్దు. రాకపోతే నువ్వు చెప్పినట్లింట."

అక్కడున్నవాళ్ళలో కొందరు నవ్వారు. పాస్టరయ్య దగ్గాడు. మరిది మాత్రం సరేనన్నాడు. ఆయనకు నష్టం ఏమీ కనిపించలేదు.

మర్నాడు ఆమె నన్ను పిలిచింది. నేను బడిలో తెలుగు చెబుతాను. ఇంజను గురించి నాకు తెలిసిందల్లా అది ముందు ఉంటుందని మాత్రమే. కొత్త బ్యాటరీ వేయించింది, టైర్లలో గాలి కొట్టించింది. బండి స్టార్టయింది కూడా. కానీ నడకలో వణుకు, మధ్యమధ్య ఒక తుమ్ము. గగన్‌పహాడ్ నుంచి వచ్చిన మెకానిక్ చెవి పెట్టి విని, "మిస్సింగ్ కొడ్తుందమ్మా" అన్నాడు. షెడ్డు తలుపులు మూయమని, ఆ చీకట్లో బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజను మీద పరుచుకున్న నల్లటి వైర్ల ఒంటి నిండా నీలం నిప్పురవ్వలు చిటపటమంటున్నాయి. నేను ఇంకాస్త దగ్గరగా చూద్దామని వంగి చెయ్యి ఆనించాను. మోచేతి దాకా ఎవరో కొరడాతో కొట్టినట్టయింది. కేక పెట్టి వెనక్కి పడ్డాను.

"అవే ప్లగ్గు వైర్లు. లీకైతున్నయ్. ఎలుకలు గూడ కొరికినయ్. కొత్తవెయ్యాలె" అన్నాడు మెకానిక్.

ఆ మాట వినడానికి ఎంత చిన్నదో! గొడుగుకు కొత్త గుడ్డ వేయాలన్నట్టు. నాలుగు ప్లగ్గులకు నాలుగు వైర్లు, మధ్యలోకి ఇంకొకటి. అవి తేవడానికి మేము పడ్డ పాట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

మొదటి దెబ్బ ఆ మెకానిక్కే కొట్టాడు. పాత వైర్లు పీకేసి, పోతూ పోతూ మూల మీది చెత్తకుండీలో పడేసి పోయాడు. నమూనాకు చూపించడానికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు. "ఎందుకు పారేసినవయ్యా?" అని అడిగితే, "ఖరాబైనయ్ గదమ్మా" అన్నాడు. అక్క భర్త తన చేతులతో తయారుచేసిన వైర్లు అవి. ఏ తీగ వాడాడో, ఎక్కడ కొన్నాడో చెప్పడానికి ఆయన లేడు.

ఆదివారం కాక నాకు వేరే తీరిక లేదు, ఆదివారం దుకాణాలు లేవు. చివరికి నేను బడికి సెలవు పెట్టాను. పట్నం పోయి పుత్లీబౌలిలో కార్ల సామాన్ల దుకాణాలన్నీ వరసగా తిరిగాం. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?"

అక్క ప్రతిచోటా ఒకటే జవాబు చెప్పింది. "నడిపేది నేను. నాకు చెప్పుండ్రి."

ఒకాయన కారు పేరు వినగానే నవ్వి, "గా గాడీ పార్టులు ఇంగ్లండ్‌ల గూడ దొరకయ్" అన్నాడు. ఇంకొకాయన ఏ సంవత్సరం మోడలని అడిగాడు. చెబితే, అయితే లేవన్నాడు. తెలియదంటే ఏమనేవాడో! ఇంకొకచోట ట్యాక్సీలకు వేసే వైర్ల సెట్టు చేతిలో పెట్టి, "అన్ని నాలుగు సిలిండర్ల బండ్లకు ఒక్కటేనమ్మా" అన్నాడు. నమ్మి తెచ్చాం.

ఒక్కటే కావు. ఒక వైరు పొట్టిది. మెకానిక్ దాన్ని ఎలాగో లాగి తగిలించాడు. వీధి చివరి దాకా పోయేసరికి, సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని అది కరిగిపోయింది. రబ్బరు కాలిన కంపుతో బండిని మేమిద్దరమే తోసుకుంటూ వెనక్కి తెచ్చాం. కిరాణా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు లేచి సాయం రాలేదు గానీ సలహాలు మాత్రం ఇచ్చారు.

మళ్ళీ పుత్లీబౌలి. ఈసారి ఒక పెద్ద దుకాణం. యజమాని మర్యాదస్తుడు, కూర్చోమని స్టూళ్ళు వేయించాడు. ఎర్రగా, లావుగా, మెరుస్తున్న వైర్లు తీసి మా ముందు పరిచాడు.

"ఫారిన్ మాల్. ఎంత వేడికైనా కరగదు. ఇంకోటి, రేడియోల గరగర రాదు. మామూలు రాగి వైరు వేస్తే పాట వినొస్తదా? మొత్తం గరగరనే. ఇది వేస్తే రేడియో సాఫ్‌గ ఉంటది."

"లోపల ఏముంటది?" అని అక్క అడిగింది.

"లోపల కొత్త టెక్నిక్ ఉంటదమ్మా."

అక్క తల వంచి ఆ మాట కూడా తిరిగి చెప్పింది. "కరగదు, గరగర లేదు, లోపల కొత్త టెక్నిక్. గంతేనా?" ఆయన నవ్వి గంతే అన్నాడు. పొడవు సరిపోయేలా చూసి కొన్నాం. ఇద్దరం బస్సులో ఆ పొట్లాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాం.

అవి వేశాక బండి ఎంత బాగా నడిచిందంటే, నాకు దాని మీద గౌరవం పుట్టింది. వణుకు లేదు, తుమ్ము లేదు. సాయంత్రాలు అక్క ఊరి బయటిదాకా తీసుకుపోయి వచ్చేది. కళ్ళద్దాలకు దారం కట్టి మెడకు వేసుకునేది. కొంగు నడుముకు బిగించి, స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని, పెదవులు మూసి నడిపేది. నడుపుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేది కాదు. నేనేదైనా అంటే "లైన్ల ఉండు" అనేది.

కోతల పండుగ నాడు చర్చిలో ఆరాధన అయ్యాక మంఖాల్‌కు బయలుదేరాం. నేను పక్కన కూర్చున్నాను. చాలామంది చేతులూపారు. మామిడిపల్లి దాటేదాకా బాగానే ఉంది. పహాడీ షరీఫ్ దర్గా దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి బండి ఒకసారి తుమ్మింది. అక్క గేరు తగ్గించింది. రెండోసారి తుమ్మింది. తర్వాత వణుకు. సగం ఎత్తు కూడా ఎక్కకుండానే ఊపిరి పోయినట్టు ఆగిపోయింది.

దర్గాకు వచ్చినవాళ్ళు నలుగురు మూగారు. బానెట్ ఎత్తితే అన్ని వైర్లూ నిగనిగలాడుతూ ఉన్నాయి. కరగలేదు, చిట్లలేదు. ఒక్కొక్కటీ నొక్కి చూశాం. తాళం తిప్పితే ఒక్క క్షణం లేచి మళ్ళీ పడిపోతోంది. ఒక పెద్దాయన తన డబ్బాలోంచి మాకు మంచినీళ్ళు పోసి, "పరేషాన్ కావద్దు బిడ్డా" అన్నాడు. పరేషాన్ కాక ఏం చేస్తాం?

చివరికి కబురందుకుని మరిది ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ఆయన ఎగతాళి చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. చెయ్యలేదు. తాడు గీరుకుని రంగు పోకుండా తన తువ్వాలు మడిచి బంపరు కింద పెట్టి మరీ కట్టాడు. "ఇగ చాలు వదినా" అన్నాడు మెల్లగా. శంషాబాద్ దాకా ట్రాక్టరు వెనక, స్టీరింగు పట్టుకుని అక్క, పక్కన నేను. ఎదురొచ్చిన ప్రతి బస్సులోంచీ తలలు బయటికి వచ్చాయి. వచ్చే వారం ఇనుపసామాను వాణ్ణి పంపిస్తానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను ఓదార్చడానికి వెళ్ళాను. అక్క వంటింట్లో నేల మీద కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బీరకాయ తరుగుతోందనుకున్నాను. కాదు, ఎర్ర వైరు. నిలువుగా చీరుతోంది.

"అయ్యయ్యో, అంత పిరమైన వైరు..."

"చెల్లె, గిటు రా. దీంట్ల ఏమున్నదో చూడు."

చూశాను. లావుపాటి ఎర్ర రబ్బరు, దాని లోపల తెల్ల రబ్బరు, దాని లోపల మసి పూసినట్టున్న నల్లటి దారం. లాగితే చేతికి నలుపంటుకుంది.

"తీగ ఏదక్కా?"

"గదే నేను అడుగుతున్న. తీగ ఏది?"

ఇంజను మీద వైర్లన్నీ వచ్చి చేరే నల్లటి మూతను అప్పటికే పీకి పక్కన పెట్టుకుంది. వైరు దూరే ప్రతి రంధ్రంలోనూ పక్కనుంచి ఒక సన్నటి మొనదేలిన స్క్రూ ఉంది. అది బిగిస్తే మొన వైరు కడుపులోకి దిగబడుతుంది. కరెంటు ఆ మొనలోంచే పోవాలి.

"లోపల రాగి ఉంటే ఈ మొన దాన్ని కరుస్తది. దారం ఉంటే ఏం కరుస్తది? కొత్తల కొంచెం తగులుతది, బండి నడుస్తది. తగిలిన కాడ కాలుకుంట కాలుకుంట సందు పెద్దగైతది. ఎత్తు మీద బలం గావాల్నంటే అందది." చీరిన వైరు కొసను నా కళ్ళ ముందు పెట్టింది. మొన దిగినచోట దారం కాలి, చిన్న గుంట పడి ఉంది. "మా బోర్డు మీద గిట్లనే అయ్యేది. లైను కలిపే వైరు పైన గుడ్డ మంచిగనే కనిపిస్తది. లోపల తీగ తెగి ఉంటది. అవతలోళ్ళు హలో, హలో అనుకుంటనే ఉంటరు పాపం."

ఎక్స్ఛేంజి బోర్డు ముందు అన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఇది ముందే తట్టలేదేమని నేనడగలేదు. తానే తనను అడుగుతున్నట్టు కనిపించింది. నేను ఇంకొకటి అడిగాను.

"మరి దుకాణాయన రాగి వైరు వద్దన్నడు గద? రేడియో గరగరమంటదని."

ఆమె నా వంక చూసింది.

"చెల్లె, మన బండ్ల రేడియో ఏడున్నదే?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. కత్తిపీట పక్కకు జరిపి మరీ నవ్వింది. తర్వాత, నేను చూస్తుండగానే, ఆ నవ్వు మొహం మీదే ఆగి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అది దుఃఖం కాదు, ఒట్టి కోపం. పక్కవాళ్ళకు వినపడకుండా ముప్ఫై ఏళ్ళు మెల్లగా మాట్లాడిన మనిషి, ఆ రోజు ఒక్కసారి గట్టిగా అరిచింది. "లేని రేడియో కోసం నన్ను ట్రాక్టర్‌కు కట్టి గుంజుకొచ్చిండ్రు!"

ఆ మధ్యాహ్నమే పుత్లీబౌలి పోయాం. పెద్ద దుకాణం యజమాని చీరిన వైరు చూసి నొచ్చుకున్నాడు. లోపల రాగి తీగ ఉన్న వైరు కావాలని అక్క అంటే, బల్ల కిందకు వంగి ఒక నల్లటి చుట్ట తీశాడు. పాత జీపులకు వేసేదట. ఎంత కావాలంటే అంత కోసి ఇస్తారట. మేము స్టూళ్ళ మీద కూర్చున్న మొన్నటి రోజు కూడా అది మా మోకాళ్ళ ఎదురుగా బల్ల కిందే ఉందన్నమాట.

"మరి గిది ముందుగాల ఎందుకు చూపించలే?" అన్నాను నేను, గొంతు అదుపు తప్పి.

"మీరు అడగలేదు గదమ్మా. మంచిది గావాలన్నరు, మంచిది ఇచ్చిన."

అక్క నా చెయ్యి నొక్కి నన్ను ఆపింది. ఆయనతో మెల్లగా, ఇన్నేళ్ళయినా నేను మరిచిపోని మాట అంది. "నాకు మంచిది గాదు భాయ్, సరిపోయేది గావాలె."

ఇంటికి తెచ్చాక కూడా మా కష్టాలు తీరలేదు. ఒక్కో వైరును ఇంజను మీద వేసి చూసి, వేడి గొట్టానికి ఆనకుండా కాస్త వదులు ఉంచి కోసింది. కొసల దగ్గర కూరగాయల కత్తితో రబ్బరు చెక్కి, మొన రాగిలోకి దిగేలా బిగించింది. ఏ వైరు ఏ ప్లగ్గుకు పోవాలో మాత్రం మాకు తెలియలేదు. వరసగా పెట్టి తాళం తిప్పితే, తుపాకి పేలినట్టు పెద్ద చప్పుడు. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. మెకానిక్‌ను పిలిపిస్తే, వరసగా కాదు, ఒకటి తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగు, చివర రెండు అని మార్చి పెట్టాడు. ఈ ముక్క కూడా మాకు ముందే ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో ఎవరూ ఏదీ ముందే చెప్పేవాళ్ళు కాదనిపిస్తుంది నాకు.

ఈసారి తాళం తిప్పగానే, బండి దగ్గకుండా, తుమ్మకుండా లేచి ఒకే గొంతుతో మాట్లాడింది. అక్క కుడిచెవి అటు తిప్పి చాలాసేపు విన్నది.

మరిది రెండో అవకాశం ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు. ఆ వచ్చిన ఆదివారం, ఇనుపసామాను వాడు ఇంకా రాకముందే, చర్చి అయ్యాక ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది. పహాడీ షరీఫ్ ఎత్తు దగ్గర నేను సీటు అంచు పట్టుకుని దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, ఆమె దేవుణ్ణి కూడా కలిపి. ఆమె గేరు తగ్గించింది. బండి గొంతు లావయింది, అంతే. పైకెక్కి అవతలికి దిగాక కూడా ఆమె పెదవులు విప్పలేదు. శ్రీశైలం రోడ్డు మీదికి వచ్చాక మాత్రం ఒకసారి, అవసరం ఏమీ లేకుండానే, హారను కొట్టింది.

మంఖాల్‌లో మరిది వాకిట్లో మక్కలు ఆరబోస్తున్నాడు. లేచి నిలబడి, మా వెనక రోడ్డు వైపు చూశాడు.

"ఎవలు తోసిండ్రు?"

"ఎవ్వలు తొయ్యలే."

ఆయన బండి చుట్టూ తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, వేడికి చటుక్కున తీసేశాడు. ఇంట్లోకి తిరిగి భార్యతో, "వదినొచ్చింది, అన్నం పెట్టు" అని కేకేశాడు. ఓడిపోయానని గానీ, ఇక షెడ్డు ముచ్చట ఎత్తనని గానీ అనలేదు. నాకు ఆ మాటలు ఆయన నోటితో వినాలని ఉండింది. తిన్నాక, పళ్ళలో పుల్ల పెట్టుకుని, "ఒకసారి నన్ను గూడ తిప్పు" అన్నాడు. రెండే సీట్లు కదా, నన్ను దింపేశారు. వాళ్ళిద్దరూ ఊరు చుట్టి వచ్చేదాకా నేను కోళ్ళ మధ్య నిలబడి మక్కలకు కాపలా కాశాను.

ఇనుపసామాను వాడు రాలేదు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ అదే ఇంట్లో, తన ఇష్టప్రకారమే బతికింది. దవాఖానకు పోవలసిన ముసలివాళ్ళను ఒక్కొక్కరిగా తీసుకుపోయేది. అందులో ఇంతకన్నా పట్టదు మరి. నాకు ఎంతో చిరాకెత్తించేంత నెమ్మదిగా నడిపేది. లారీల వాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. ఈ మధ్య ఇక్కడ ఏదో పెద్దది కడతారని భూములు కొనే పట్నం కార్లు దుమ్ము రేపుకుంటూ తిరగడం మొదలయ్యాక, వాటికి దారిచ్చి పక్కకు ఆగేది. "పోనీ. వాళ్ళకేదో అర్జెంట్ కాలున్నట్టుంది" అనేది.

మొన్న ఆమెకు గుండెలో నొప్పి వచ్చినప్పుడు మాత్రం బండి షెడ్డులోనే ఉంది. నడిపేది ఆమే కదా. ఆటో దొరికేసరికి ఆలస్యమైందట. ఇది కూడా నాకు ఇంకొకరు చెప్పిందే. నేనుంటే మాత్రం ఏం చేసేదాన్ని? నాకు నడపడం రాదు. నేర్చుకొమ్మని ఆమె ఎన్నిసార్లు అన్నా, బడి పరీక్షలయ్యాక చూద్దామన్నాను. బడికి పరీక్షలు ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి.

పోయినవారం ఆమె మరిది వచ్చాడు. షెడ్డు తలుపు తెరిచి లోపల చాలాసేపు ఉన్నాడు. రూముల సంగతి మొదలుపెడతాడనుకుని నేను గోడ మీదుగా చూస్తూ, అనవలసిన మాటలన్నీ మనసులో సర్దుకున్నాను. ఆయన బయటికి వచ్చి, చేతులకు అంటిన మసి తువ్వాలుకు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, ఎలుకలు మళ్ళ కొరికినయ్. వైర్లు ఏవి ఎయ్యాల్నో నీకెర్కనేనా?"

నేను చెప్పాను. రాగి, నల్లది, బల్ల కిందిది, అడిగితేనే తీసి ఇస్తారని చెప్పాను. ఎర్రవి ఎంత నిగనిగలాడినా కొనవద్దన్నాను. ఆయన శ్రద్ధగా విని, వదినలాగే ఒకసారి తిరిగి చెప్పాడు.

ఆ రాగి వైర్లతో ఒక తంటా ఉండేదని మాత్రం ఆయనకు చెప్పలేదు. దుకాణాయన అన్నది అబద్ధం కాదు, ఆ గరగర ఉండేదే. అక్క బండిలో రేడియో లేదు గానీ, వాడలో అందరి ఇళ్ళలో టీవీలు ఉండేవి. ఆమె బండి స్టార్ట్ చేస్తే చాలు, వీధి చివరిదాకా బొమ్మల మీద తెల్లటి గీతలు పరుగెత్తేవి. మాటలు గరగరమనేవి. అందరూ కిటికీల్లోంచి "టెలిఫోనక్కా!" అని అరిచేవాళ్ళు. మొదట్లో ఆమెకు ఎందుకరుస్తున్నారో తెలియలేదు. తెలిశాక ఎంతో సిగ్గుపడింది.

అందుకే ఆదివారం సాయంత్రాలు, టీవీలో సినిమా వచ్చే వేళ, ఎక్కడికైనా పోవలసి ఉంటే ఆమె ముందే తయారై వచ్చి షెడ్డులో కూర్చునేది. నేను మా గోడ మీదుగా ఎన్నోసార్లు చూశాను. తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ఇస్త్రీ చీర, మెడలో దారానికి కళ్ళద్దాలు, రెండు చేతులూ స్టీరింగు మీద. తాళం పెట్టి ఉంటుంది, తిప్పదు. కుడిచెవి వీధి వైపు తిప్పి, తల కాస్త వంచి, ఇళ్ళన్నింట్లోంచి వస్తున్న ఆ సినిమా చివరి పాట పూర్తిగా అయిపోయేదాకా కూర్చునే ఉంటుంది.